ఒక్క బ్రేకు చాలదు



సైకిలుకు ఎన్ని బ్రేకులు ఉంటాయి? రెండు. ఒకటి ముందు చక్రానికి. ఒకటి వెనక చక్రానికి. రెండు ఎందుకు? ఒకటి పోయినా రెండోది ఆపుతుంది.

కార్ల విషయంలో ఈ సంగతి ఎలా తెలిసొచ్చిందో చూద్దాం.

అమెరికాలో ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 దాకా ‘మోడల్ టి’ అనే కారు తయారుచేసింది. మొత్తం కోటీ యాభై లక్షల కార్లు తయారయ్యాయి.

ఆ కారుకు కాలితో తొక్కే బ్రేకు ఉంది. అయితే అది చక్రాల దగ్గర ఉండదు. ఇంజను వెనక, గేరుపెట్టెలో ఉంటుంది. పెడలు తొక్కితే అక్కడ తిరిగే డ్రమ్ము చుట్టూ ఒక పట్టీ బిగుస్తుంది. డ్రమ్ము ఆగుతుంది. ఆ డ్రమ్మును వెనక చక్రాలతో కలిపేది ఒక పొడవాటి ఇనప షాఫ్టు. అందుకే చక్రాలూ ఆగుతాయి.

మరి ఆ షాఫ్టు విరిగితే? డ్రమ్ము ఆగుతుంది, చక్రాలు ఆగవు. బావిలో చేద తాడు మధ్యలో తెగిందనుకోండి. పైన ఎంత గట్టిగా పట్టుకుంటే ఏం లాభం? ఇదీ అంతే. వాలు మీద కారు జారిపోతూనే ఉంటుంది.

చేతి బ్రేకు కూడా ఉంది. దాని కడ్డీలు నేరుగా వెనక చక్రాలకే పోతాయి. కానీ ఆ బ్రేకు చిన్నది. నిలబెట్టిన కారును కదలకుండా పట్టుకుంటుంది. పరుగెత్తే కారును ఆపడం దానికి కష్టం.

అందుకని కొందరు అదనపు బ్రేకులు పెట్టించుకున్నారు. వెనక చక్రాల డ్రమ్ములకు బయటి నుంచి పట్టీలు చుట్టారు. కాలి పెడలు నుంచి వాటికి కడ్డీలు కలిపారు. ఇప్పుడు ఒకసారి తొక్కితే గేరుపెట్టెలో పట్టీ బిగుస్తుంది. చక్రాల మీది పట్టీలూ బిగుస్తాయి. షాఫ్టు విరిగినా చక్రాలు ఆగుతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒక చక్రానికే బ్రేకు పడితే కారు పక్కకు లాగేస్తుంది. అందుకే మధ్యలో ఒక అడ్డకడ్డీ పెడతారు. అది కావడి బద్ద లాంటిది. పెడలు దాన్ని నడుమ పట్టి లాగుతుంది. రెండు కొసల నుంచి రెండు చక్రాలకు కడ్డీలు పోతాయి. ఒకవైపు కడ్డీ వదులుగా ఉంటే, ముందు ఆ కొస కదిలి వదులు తీస్తుంది. అప్పుడు రెండు వైపులా సమానంగా బిగుస్తుంది.

కడ్డీలు కలిసే చోట చిన్న చిన్న పిన్నులుంటాయి. అవి అరిగితే కడ్డీ వదులవుతుంది. ఊడితే బ్రేకే పడదు. అంత పెద్ద కారూ ఆ చిన్న పిన్ను మీద ఆధారపడి ఉంది. ఈ పాత కార్లను ఇప్పటికీ నడిపేవాళ్లు ముందు పిన్నులు చూసుకుంటారు. తర్వాతే బండి తీస్తారు.

మీ ఇంట్లో సైకిలు ఉందా? రెండు బ్రేకులూ నొక్కి చూడండి. కడ్డీలు, మరలు వదులుగా ఉన్నాయేమో చూడండి. పిల్లలు సైకిలెక్కి బడికి పోకముందే చూడండి.