సాకెట్: ప్రాసెసర్, మదర్‌బోర్డుల పొంతన చరిత్ర

1981లో వెలువడిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌లోని ఇంటెల్ 8088 ప్రాసెసర్, రెండు వరుసలుగా అమర్చిన 40 పిన్నులతో, సాకెట్‌లోకి ఒత్తి దిగవేసే చిన్న చిప్పు. 1989లో వచ్చిన 486 నాటికి పిన్నులు 168కి చేరడంతో, ఒక్కొక్క పిన్నును పట్టి ఉంచే ఘర్షణ అంతా కలిసి, చేత్తో నొక్కితే పిన్నులు వంగడమో బోర్డు చిట్లడమో జరిగేంతగా పెరిగింది. చిన్న మీటను పైకెత్తినప్పుడు పిన్నులు ఏ ఒత్తిడీ లేకుండా రంధ్రాల్లోకి జారి, మీటను దించినప్పుడు బిగుసుకునే జిఫ్ సాకెట్ ఈ ఇబ్బందికి విరుగుడుగా స్థిరపడింది.

1990ల నడుమ వాడుకలోకి వచ్చిన సాకెట్ 7, పరస్పరం పోటీపడే మూడు సంస్థల ప్రాసెసర్లకు, అంటే ఇంటెల్ పెంటియమ్‌కు, ఏఎండీ కె6కు, సైరిక్స్ 6ఎక్స్86కు ఒకే బోర్డు మీద చోటిచ్చింది. అంతటి ఉదారమైన ఏర్పాటు పర్సనల్ కంప్యూటర్లలో మళ్లీ రాలేదు. అయితే ప్రాసెసర్‌కు అందవలసిన వోల్టేజీని జంపర్లతో, అంటే రెండు పిన్నులను కలిపే చిన్న ప్లాస్టిక్ తొడుగులతో, వినియోగదారుడే నిర్ణయించవలసి వచ్చేది, 2.8 వోల్టులు చాలే పెంటియమ్ ఎంఎంఎక్స్ కేంద్ర భాగానికి పాత పెంటియమ్‌కు ఇచ్చినట్లు 3.3 వోల్టులు ఇస్తే అది వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉండేది. తనకెంత వోల్టేజీ కావాలో ప్రాసెసరే ప్రత్యేక పిన్నుల ద్వారా బోర్డుకు తెలిపే పద్ధతి తరువాతి తరాలలో ఆ భారాన్ని తొలగించింది.

1997లో ఇంటెల్ పెంటియమ్ 2 కోసం, సాకెట్‌కు బదులు ప్రాసెసర్‌ను కార్డులా నిలబెట్టి దిగవేసే స్లాట్ 1ను తేవడంతో ఉమ్మడి దారి చీలిపోయింది. 1999లో ఏఎండీ అథ్లాన్‌కు వచ్చిన స్లాట్ ఏ, స్లాట్ 1 కనెక్టరునే తిప్పి అమర్చినదైనా, విద్యుత్ సంకేతాల విషయంలో దానికి పూర్తిగా భిన్నమైనది. ఆకారం కుదిరినంత మాత్రాన పొంతన కుదరదన్న సంగతి 2017లో ఇంటెల్ ఎల్‌జీఏ 1151తో మరింత స్పష్టమైంది. ఎల్‌జీఏ అంటే పిన్నులు సాకెట్‌లోనే ఉండి, ప్రాసెసర్ అడుగున చదునైన లోహపు బిళ్లలు మాత్రమే ఉండే అమరిక. 1151 ఆ స్పర్శల సంఖ్య. 2015 నాటి బోర్డులో 2017 చివర్లో వచ్చిన ప్రాసెసర్ చక్కగా కూర్చున్నా, విద్యుత్తును అందించే స్పర్శల కేటాయింపు మారినందువల్ల దానికి ఆ బోర్డుపై అధికారిక మద్దతు లేదు.

ఏఎండీ మాత్రం 1331 పిన్నుల ఏఎం4 సాకెట్‌ను ఏళ్ల తరబడి కొనసాగించి, 2017 నాటి తొలి రైజెన్‌తో మొదలుపెట్టి 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ వరకు దానిమీదే నడిపింది. ఇది నిజంగా మెచ్చుకోదగిన పట్టుదలే అయినా, సమస్య బయోస్‌లో, అంటే కంప్యూటర్ మేల్కొనగానే ప్రాసెసర్‌ను గుర్తించి పని మొదలుపెట్టించే ప్రోగ్రామ్‌లో తలెత్తింది. అనేక పాత బోర్డులలో దాన్ని దాచే చిప్పు సామర్థ్యం 16 మెగాబైట్లే కావడంతో, అన్ని తరాల ప్రాసెసర్ల వివరాలకూ అందులో చోటు చాలలేదు. 2020లో, 400 శ్రేణి ఏఎం4 బోర్డులపై జెన్ 3 తరం రైజెన్ ప్రాసెసర్లకు మద్దతు ఉండదని తొలుత ప్రకటించిన ఏఎండీ, వినియోగదారుల నిరసన తరువాత ఆ నిర్ణయాన్ని మార్చుకుంది. అందుకే తొలిసారి కంప్యూటర్ అసెంబుల్ చేసుకునేవారు సాకెట్ పేరుతో ఆగిపోకుండా, బోర్డు తయారీదారు ప్రకటించే జాబితాలో తమ ప్రాసెసర్‌కు ఏ బయోస్ వెర్షన్ నుంచి మద్దతు ఉందో చూడాలి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్‌ను మార్చగల సౌకర్యం ఉన్న బోర్డైతే పాత సరుకు వచ్చినా చిక్కు ఉండదు.

మెమరీలోనూ ఇదే జాగ్రత్త అవసరం: 2021 నాటి ఎల్‌జీఏ 1700 బోర్డులలో కొన్ని డీడీఆర్4కు, కొన్ని డీడీఆర్5కు తయారైనవి, రెండు మాడ్యూళ్లకూ 288 స్పర్శలే ఉన్నా, గాడి వేర్వేరు చోట్ల ఉన్నందున ఒకటి మరొకదానిలో దిగదు. ఇక పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్ భరించగల సుమారు ఒక వోల్టుకు తగ్గించే వీఆర్ఎం సర్క్యూట్ బలహీనంగా ఉన్న చవక బోర్డు మీద ఎక్కువ కరెంటు లాగే ప్రాసెసర్‌ను అమర్చితే, జాబితాలో దానికి మద్దతు ఉన్నప్పటికీ, ఎడతెగని భారం పడినప్పుడు ఆ సర్క్యూట్ వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది.