మిఠాయి కడుపున పుట్టిన పళ్ల బ్రష్షు

భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం కదిలే వేళకి, గుడి చుట్టూ తీర్థం కొట్లు వెలుస్తాయి. సెల్లు వేస్తే గిర్రున తిరిగే బొమ్మ ముందు పిల్లలు కాళ్లు పాతుకుని నిలబడిపోతారు. ఆ బొమ్మ కడుపులో ఉండే బొటనవేలంత మోటారులాంటిదే, నాలుగైదు వందల రూపాయల లోపు దొరికే బ్యాటరీ పళ్ల బ్రష్షులోనూ ఉంటుంది. ఈ పోలిక మాటవరసకు చెప్పింది కాదు. చవక బ్యాటరీ బ్రష్షు నిజంగానే ఒక తిరిగే మిఠాయి నుంచి పుట్టింది.

కరెంటు బ్రష్షు అంతకు చాలా ముందే ఉంది. 1954లో స్విట్జర్లాండ్‌లో డాక్టర్ ఫిలిప్ గీ వూగ్ ‘బ్రాక్సోడెంట్’ తయారుచేశారు. చేతులు సరిగా ఆడనివాళ్లు, పళ్లకు తీగలు కట్టించుకున్నవాళ్లు కూడా నోరు శుభ్రంగా ఉంచుకోవాలన్నది ఆయన ఉద్దేశం. దాని వైరు గోడ ప్లగ్గుకు తగిలించాలి. తడి నోరు, తడి చేతులు, పక్కనే కరెంటు! 1960లో అది అమెరికా మార్కెట్లోకి వచ్చింది. కొంతకాలానికే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వైరు లేకుండా, రీఛార్జి చేసుకునే బ్రష్షు తెచ్చింది. అయినా మరో మూడు దశాబ్దాలకు పైగా అది డబ్బున్నవాళ్ల ఇంటి వస్తువుగానే మిగిలిపోయింది.

ధర దించింది మిఠాయి. వర్జీనియాలో ఉత్తరాలు పంచే ఇద్దరు పోస్ట్‌మ్యాన్లకు, నోట్లో పెట్టుకుంటే దానంతట అదే తిరిగే పుల్లమిఠాయి ఆలోచన తట్టింది. అదే ‘స్పిన్ పాప్’. దాన్ని అమ్మింది జాన్ ఓషర్ నడిపిన క్యాప్ టాయ్స్ అనే బొమ్మల కంపెనీ. ఆ కంపెనీని మరో బొమ్మల కంపెనీ హాస్‌బ్రోకు అమ్మేశాక ఓషర్, క్లీవ్‌ల్యాండ్ డిజైనర్లు జాన్ నాటింగ్‌హామ్, జాన్ స్పిర్క్‌లతో కలిసి కొత్త వస్తువు కోసం వెతికారు. దుకాణంలో కరెంటు బ్రష్షుల ధర చూస్తే యాభై డాలర్ల పైమాటే. మిఠాయిని తిప్పే మోటారు బ్రష్షును మాత్రం ఎందుకు తిప్పదు? సెల్లులతో సహా ఐదు డాలర్లకు అమ్మాలని గీత గీసుకుని పనిలోకి దిగారు. కొనకముందే మీట నొక్కి చూసుకునేలా అట్టకు సందు వదిలారు. 1999లో ‘స్పిన్‌బ్రష్’ బయటికొచ్చింది. 2001లో దాన్ని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కొనుక్కుంది; అమ్మినవాళ్లకు చివరికి ముట్టింది 47.5 కోట్ల డాలర్లు. పళ్లు పుచ్చబెట్టే తీపి వస్తువులోని మోటారు పళ్లు తోమే పనికి ఎక్కడం, యంత్రాల చరిత్రలో అరుదైన మంచి మలుపు.

బ్రష్షు అడుగు మూత తిప్పి చూడండి. చాలావాటిలో రెండు పెన్సిల్ సెల్లులు, ఒక స్ప్రింగు, పైన మోటారు. మోటారు ఇరుసుకు నడిమధ్యన కాకుండా కాస్త పక్కగా ఒక బుడిపె ఉంటుంది. ఇరుసు తిరిగితే బుడిపె సున్నా చుడుతుంది. దానికి తగిలించిన సన్న కడ్డీ ఆడుతుంది. ఆ ఆటకు గుండ్రటి తల కొంచెం అటు, కొంచెం ఇటు తిరుగుతుంది. కుట్టుమిషనులో పాదం ఆడితే చక్రం తిరుగుతుంది కదా, ఇక్కడ దానికి తిరగేసిన పని. ఇంకా చవక రకాల్లో ఈ ఏర్పాటేమీ ఉండదు. ఇరుసుకు ఒక పక్క చిన్న బరువు బిగిస్తారు, సెల్‌ఫోను వణికినట్టు పిడి మొత్తం వణుకుతుంది. అంతే.

తల తిరగడానికీ, పిడి వణకడానికీ ఉన్న ఈ తేడా చిన్నది కాదు. వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2014లో ప్రచురించిన సమీక్ష 56 అధ్యయనాలను, 5,068 మందిని లెక్కలోకి తీసుకుంది. మామూలు బ్రష్షుతో పోలిస్తే మోటారు బ్రష్షు వాడినవాళ్లకు మూడు నెలలు దాటాక పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తగ్గాయి. తల అటూ ఇటూ తిరిగే రకానికే ఎక్కువ ఆధారాలు దొరికాయి. రోజువారీ ఆరోగ్యంలో ఆ తగ్గుదల ఎంత మేలు చేస్తుందో స్పష్టంగా తేలలేదని కూడా ఆ సమీక్షే చెప్పింది. పైగా అది మోటారు బ్రష్షులన్నిటికీ కలిపి వేసిన లెక్క, ప్రతి చవక బ్రష్షుకూ దాన్ని అంటగట్టకూడదు. కొనేటప్పుడు మీట నొక్కి, తలను అరచేతికి మెల్లగా ఆనించి చూడాలి. ఆ మాత్రానికే ఆగిపోతే ఆ మోటారు పళ్ల మీద పని చేయదు.

సెల్లుల లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. మంచి ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులో సుమారు 2,400 మిల్లీ ఆంపియర్ గంటల సత్తువ ఉంటుంది. మోటారు 400 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుంటే ఆరు గంటలు, అంటే 360 నిమిషాలు. పూటకు రెండేసి నిమిషాల చొప్పున రోజుకు నాలుగు. మూడు నెలలు వస్తుంది. గోడ గడియారంలో వేసే మామూలు సెల్లు ఇంత కరెంటు లాగితే త్వరగా చతికిలబడుతుంది, కారడం మొదలుపెడుతుంది కూడా.

అంతర్వేదిలాంటి చోట ఇంకో చిక్కుంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఊరది. కిటికీ ఊచల్ని తినేసే ఉప్పుగాలి బ్రష్షు లోపలి స్ప్రింగును వదిలిపెడుతుందా? మూత దగ్గరి రబ్బరు రింగు బిగువుగా లేకపోతే తేమ లోపలికి చేరుతుంది, స్ప్రింగు పచ్చబడుతుంది, మోటారు బాగానే ఉన్నా బ్రష్షు మూగబోతుంది. వాడాక కడిగి తుడిచి, నీళ్లగదిలో కాకుండా ఆరిన చోట నిలబెట్టాలి. ఊరెళ్తే సెల్లులు తీసేయాలి.

ఇంతకీ ఇది ఎవరికి? అంతర్వేది దగ్గరి రాజోలు, సఖినేటిపల్లి వైపు ఎన్నో ఇళ్లలో పిల్లలు గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉంటారు, పెద్దవాళ్లు ఇక్కడుంటారు. ఒకప్పుడు పందుంపుల్ల పట్టి, కొబ్బరి ఈనె చీల్చి నాలుక గీసుకున్న చేతులే ఇప్పుడు కీళ్ల నొప్పులతో పిడికిలి పట్టవు. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్ల సంగతీ అంతే. వూగ్ తొలి బ్రష్షును తలపెట్టింది అలాంటివాళ్ల కోసం కూడా. లావు పిడి, మీట నొక్కితే దానంతట అదే ఆడే తల, పక్కన మనిషి లేకుండా తోముకోగలగడం: ఐదు వందల లోపు దొరికే గౌరవం ఇది. చేతులు చక్కగా ఆడేవాళ్లకు మెత్తటి కుచ్చు ఉన్న మామూలు బ్రష్షు, రెండు నిమిషాల ఓపిక చాలు.

ఒక్క జాగ్రత్త. 2012 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇదే స్పిన్‌బ్రష్ గురించి హెచ్చరిక జారీ చేసింది. వాడుతుండగా తల ఊడి నోట్లో పడడం, పళ్లు విరగడం లాంటి ఫిర్యాదులు దాని దాకా వెళ్లాయి. కాబట్టి పెద్దవాళ్లకు ఇచ్చే ముందు తలను రోజూ ఒకసారి లాగి చూడండి, మూడు నెలలకు మార్చండి. తల మార్చడానికి వీల్లేని రకం కొనకండి. అయిపోయిన సెల్లుల్ని మాత్రం కాలువలో వేయకండి. అంతర్వేదికి అవతల సముద్రమే.