గ్లాసుల గలగల మధ్య జాజ్

బిల్ ఎవాన్స్ ట్రయో వాయించిన ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ ఎప్పుడైనా విన్నారా? వినకపోతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి వినండి. స్టూడియోలో చేసింది కాదు సుమా, ‘విలేజ్ వాన్‌గార్డ్’ క్లబ్బులో లైవ్‌గా రికార్డు చేసిందే వినాలి. పియానో మెత్తగా మొదలవుతుంది. దాని వెనకాలే ఇంకో చప్పుడు... గ్లాసులు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎవరిదో నవ్వు. ఏదో టేబుల్ దగ్గర కబుర్లు. అంత గొప్ప సంగీతం పక్కనే నడుస్తుంటే వీళ్లకి ఈ మాటలేంట్రా బాబూ అని మొదట చిరాకేస్తుంది. నాలుగోసారి వినేసరికి మాత్రం ఆ చప్పుళ్లు లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది!

అది 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్. సెవెన్త్ అవెన్యూ మీది నుంచి ఇరుకు మెట్లు దిగితే వచ్చే నేలమాళిగే ఈ వాన్‌గార్డ్. లోపల గది త్రికోణంలా ఉంటుంది. పట్టేది 123 మంది. మన పెళ్లి బస్సులు రెండు వచ్చి ఆగితే నిండిపోతుందన్నమాట. 1935లో మాక్స్ గోర్డన్ అనే ఆయన తెరిచినప్పుడు ఇక్కడ కవులు, జానపద గాయకుల హడావిడే ఎక్కువ. 1957 నుంచి పూర్తిగా జాజ్‌కి మారిపోయింది.

ఆ ఆదివారం బిల్ ఎవాన్స్ పియానో మీద, స్కాట్ లఫారో బేస్ మీద, పాల్ మోషన్ డ్రమ్స్ మీద. మధ్యాహ్నం రెండు సెట్లు, రాత్రి మూడు. మొదటి పాట రికార్డవుతుంటే మధ్యలో కరెంటు పోయింది. (న్యూయార్క్‌లోనూ పోతుందండీ!) టేపులో ఆ కాసేపు ఖాళీ. మళ్లీ అందుకుని వాయించుకుంటూ పోయారు. అక్కడున్నవాళ్లకి అది మామూలు ఆదివారమే.

సరిగ్గా 11 రోజుల తర్వాత, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 25. ఎవాన్స్ కొన్ని నెలలపాటు జనం ముందుకే రాలేకపోయాడు. ఆ రోజు టేపుల్లోంచి ముందుగా తెచ్చిన ఆల్బమ్‌ని లఫారో రాసిన పాటతో మొదలుపెట్టి, లఫారో రాసిన పాటతోనే ముగించారు. ఆ ముగ్గురూ కలిసి వాయించిన చివరి రికార్డింగు అదేనని తెలిస్తే ఆ టేబుల్ దగ్గరివాళ్లు మాటలు ఆపేవాళ్లు కదా అనిపిస్తుంది. ఎలా తెలుస్తుంది, పాపం!

మనవాళ్లకి జాజ్ అర్థం కాదని ఎవరన్నారో కానీ, కచేరీలో మనోధర్మం అంటే తెలిసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. రాగం, తాళం పట్టుకుని అప్పటికప్పుడు కల్పనస్వరాలు అల్లినట్టే, వీళ్లు ఒక పాట వరస పట్టుకుని అక్కడికక్కడ కొత్తది పుట్టిస్తారు. నిన్న వాయించింది ఇవాళ ఉండదు. అదే క్లబ్బులో, అదే బృందం, వారాల తరబడి రోజూ వాయించినా సరే. అందుకే ‘ఆ రాత్రి నేనక్కడే ఉన్నాను’ అని చెప్పుకోవడం జాజ్ అభిమానులకి పెద్ద గొప్ప. ఆ రాత్రి ఎవరైనా టేపు తిప్పి ఉంటే మనకీ కాస్త దక్కుతుంది. లేదంటే అంతే సంగతులు.

1957నే తీసుకోండి. కూపర్ స్క్వేర్‌లోని ‘ఫైవ్ స్పాట్’ చిన్న బార్. చిత్రకారులు, రచయితలు చేరి బీర్లు తాగే చోటు. ఆ వేసవి నుంచి ఏడాది చివరిదాకా పియానిస్టు థెలోనియస్ మంక్ అక్కడే వాయించాడు. పక్కన శాక్సోఫోన్‌తో జాన్ కోల్ట్రేన్. కోల్ట్రేన్ అప్పుడే మత్తుమందుల నుంచి బయటపడి కొత్త మనిషయ్యాడు. అతను వాయిస్తుంటే మంక్ పియానో వదిలేసి లేచి, పక్కన నిలబడి గుండ్రంగా తిరుగుతూ డాన్స్ చేసేవాడట. చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. మరి మనకి మిగిలింది? ఆ ఏడాది స్టూడియోలో చేసిన కొన్ని పాటలు. కార్నెగీ హాల్‌లో చేసిన ఓ కచేరీ టేపు, అది కూడా 2005లో అమెరికా జాతీయ గ్రంథాలయం అరల్లో బయటపడింది. ఇక ఫైవ్ స్పాట్‌లోనే ఇద్దరూ కలిసి వాయించింది వినాలంటే 1958లో మరోసారి కలిసినప్పటి టేపు ఒకటుంది. కోల్ట్రేన్ భార్య నయీమా చిన్న రికార్డరు మీద తీసింది. శబ్దం అంత బాగుండదు. అయినా సరే, 1993లో ఆల్బమ్‌గా వచ్చేసరికి జనం పండగ చేసుకున్నారు. ఇప్పుడైతే నయీమా ఫోన్ పైకెత్తి వీడియో తీసేదేమో!

అసలు బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. అంతకుముందు ఆరేళ్లు మంక్ న్యూయార్క్ క్లబ్బుల్లో ఎందుకు కనిపించలేదు?

కారణం ఒక కార్డు. 1940 నుంచి 1967 దాకా న్యూయార్క్‌లో మద్యం అమ్మే చోట పనిచేయాలంటే, వెయిటరైనా సరే, పియానిస్టయినా సరే, పోలీసులు ఇచ్చే ‘క్యాబరే కార్డు’ ఉండాల్సిందే. వేలిముద్రలు తీసుకునేవారు. కేసులో ఇరుక్కుంటే కార్డు పోయినట్టే. 1951లో స్నేహితుడు బడ్ పావెల్‌తో కారులో ఉండగా మత్తుమందు దొరికింది. మంక్ స్నేహితుడి పేరు చెప్పలేదు. జైలుకెళ్లాడు, కార్డు పోయింది. 33 ఏళ్ల వయసు, సొంత ఊరు, వాయించడానికి చోటు లేదు. తిరిగి 1957లో కార్డు చేతికొచ్చాకే ఫైవ్ స్పాట్ సాధ్యమైంది.

బిల్లీ హాలిడేది ఇంకా ఘోరం. 1939లో షెరిడన్ స్క్వేర్ దగ్గర ‘కెఫే సొసైటీ’లో ఆమె ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాడేది. నల్లవాళ్లని చెట్లకి ఉరితీసే దారుణం గురించిన పాట అది. పాట మొదలయ్యే ముందు వెయిటర్లు సర్వింగ్ ఆపేసేవారు. లైట్లన్నీ ఆర్పి ఆమె ముఖం మీద ఒక్క లైటే ఉంచేవారు. పాట అయిపోగానే అదీ ఆరిపోయేది. మళ్లీ వెలిగేసరికి ఆమె అక్కడ ఉండదు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు పక్కపక్కన కూర్చోగలిగే క్లబ్బు కాబట్టి ఆ పాట అక్కడ పాడగలిగింది. హార్లెమ్‌లోని కాటన్ క్లబ్ ఇంకా పేరున్నదే. కానీ అక్కడ వేదిక మీద నల్లవాళ్లు, కుర్చీల్లో తెల్లవాళ్లు. 1947లో మత్తుమందు కేసులో బిల్లీ జైలుకెళ్లింది, కార్డు తీసేసుకున్నారు. 1948లో విడుదలయ్యాక కార్నెగీ హాల్ నిండిపోయేలా జనం వచ్చారు. అంత పెద్ద హాల్లో పాడొచ్చు, అక్కడ మద్యం అమ్మరు కదా! చిన్న క్లబ్బులో మైకు పట్టుకోవడానికి మాత్రం కార్డు కావాలి. 1959లో చనిపోయేదాకా అది తిరిగి రాలేదు. వాయించీ రికార్డు కాని రాత్రులు కొన్నయితే, అసలు పాడనివ్వని రాత్రులు ఇవి. వీటికి ఏ గ్రంథాలయంలోనూ టేపు దొరకదు.

వాన్‌గార్డ్ మాత్రం ఇప్పటికీ అదే నేలమాళిగలో ఉంది. 1989లో మాక్స్ పోయాక భార్య లోరెయిన్ 2018లో తాను చనిపోయేదాకా నడిపింది. డ్రమ్మర్ పాల్ మోషన్ ముసలితనంలోనూ అదే గదికి వచ్చి వాయిస్తూ ఉండేవాడు, లఫారో పోయిన 40 ఏళ్లకి కూడా. కొవిడ్ టైమ్‌లో మూతపడినప్పుడు ఖాళీ గదిలో వాయించి ఆన్‌లైన్‌లో లైవ్ ఇచ్చారు. సంగీతానికేం లోటు లేదు. కానీ గ్లాసుల చప్పుడు లేదు, పాట మధ్యలో ఎవరూ నవ్వలేదు. 2021 సెప్టెంబరులో తలుపులు మళ్లీ తెరిచారు.

జెర్సీ సిటీలో ఎమ్మెస్ చేస్తున్న మనవాళ్లు వేలల్లో ఉన్నారు. జర్నల్ స్క్వేర్‌లో పాత్ ట్రైన్ ఎక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగితే అక్కడి నుంచి నడిచి వెళ్లే దూరమే. సోమవారమైతే బిగ్ బ్యాండ్ ఉంటుంది, 1966లో మొదలైన ఆనవాయితీ. ఒక్కటి గుర్తుంచుకోండి. పాట మొదలయ్యాక ఫోటోలు, వీడియోలు, రికార్డింగ్ ఏవీ కుదరవు. ఫోన్ జేబులోనే.