పాత ఫోర్ బై ఫోర్‌లో చలికాలం కశ్మీర్ ప్రయాణం: గేర్ రాడ్ కంటే ముందు ఆర్సీ చూడాలి

హైదరాబాద్ నుంచి శ్రీనగర్‌కు రోడ్డు ఒకటే. ఎన్‌హెచ్-44 ఎక్కితే కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ దాటి నాగ్‌పూర్, అక్కడి నుంచి సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా, ఢిల్లీ, అంబాలా, జమ్ము మీదుగా నేరుగా శ్రీనగర్ చేరుకోవచ్చు. మొత్తం దూరం సుమారు 2,400 కిలోమీటర్లు. దారి ఇంత సూటిగా ఉండటంతో సెకండ్ హ్యాండ్‌లో ఓ స్కార్పియో, థార్, బొలెరో లేదా జిప్సీ కొనుక్కుని, ఇంటిల్లిపాదీ మంచు చూసి రావాలనుకునే కుటుంబాలు కనిపిస్తున్నాయి.

బండి కొనేటప్పుడు ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న, "మంచులో ఎక్కుతుందా?" అని. ప్రశ్న సరైనదే కానీ అది మొదటిది కాదు. మంచు మీద నడిచే దూరం మొత్తం ప్రయాణంలో మహా అయితే కొన్ని పదుల కిలోమీటర్లు. మిగతాదంతా మామూలు తారు రోడ్డే. చలికాలంలో చాలా ప్రయాణాలు చెడేది కూడా ఆ మైదానాల్లోనే. ఒకటి పొగమంచు, రెండోది ఢిల్లీ చుట్టుపక్కల పాత బండ్లపై ఉన్న ఆంక్షలు. ఈ రెండూ తెలియకుండా బండి కొంటే, ఫోర్ బై ఫోర్ ఎంత బలమైనదైనా ఆగ్రా దాటాక ఆగిపోవచ్చు.

ఆర్సీలో మూడు విషయాలు

ఆర్సీలో ముందుగా చూడాల్సినవి మూడు: బండి మొదట రిజిస్టర్ అయిన తేదీ, ఇంధనం, బీఎస్ నంబరు. ఢిల్లీ-ఎన్‌సీఆర్‌లో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లు, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. 2025 ఆగస్టులో మాత్రం అలాంటి బండ్ల యజమానులపై కఠిన చర్యలు వద్దని అదే కోర్టు చెప్పింది. డిసెంబర్‌లో ఆ రక్షణను బీఎస్-4, ఆపై బండ్లకే పరిమితం చేసింది. అంటే బీఎస్-3 పాత బండికి ఇప్పుడు ఆ దారిలో రక్షణ లేదు.

బీఎస్-4 డీజిల్ అయినా చలికాలంలో నిశ్చింతగా ఉండలేం. ఢిల్లీ గాలి బాగా చెడినప్పుడు గ్రాప్ పేరుతో దశలవారీగా ఆంక్షలు పెడతారు. మూడో దశ వచ్చిందంటే బీఎస్-3 పెట్రోల్, బీఎస్-4 డీజిల్ కార్లు ఢిల్లీలోనూ, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘాజియాబాద్, గౌతమబుద్ధ నగర్ జిల్లాల్లోనూ తిరగకూడదు. పట్టుబడితే 20,000 రూపాయల వరకు జరిమానా. 2025 డిసెంబర్‌లో అయితే బయటి రాష్ట్రాల్లో రిజిస్టరై, బీఎస్-6 కాని బండ్లను ఢిల్లీలోకి రానివ్వలేదు. ఈ ఆంక్షలు ఎక్కువగా వచ్చేది నవంబర్ నుంచి జనవరి వరకు. కశ్మీర్‌లో మంచు చూడటానికి మనవాళ్లు బయలుదేరేదీ అప్పుడే.

"ఢిల్లీలోకి వెళ్లం, బైపాస్‌లో పోతాం" అనుకుంటే కూడా లెక్క తప్పుతుంది. పల్వల్ నుంచి కుండ్లీకి పోయే రెండు బైపాస్ ఎక్స్‌ప్రెస్‌వేలలో పడమటిది గురుగ్రామ్ జిల్లా మీదుగా, తూర్పుది ఫరీదాబాద్, గౌతమబుద్ధ నగర్, ఘాజియాబాద్ జిల్లాల మీదుగా వెళ్తాయి. పాత డీజిల్ బండితోనే వెళ్లాలనుకునేవారు నాగ్‌పూర్ నుంచే దారి మార్చుకోవాలి. భోపాల్, కోట, జైపూర్, సీకర్, ఝుంఝునూ, హిసార్, లుధియానా మీదుగా జమ్ము చేరవచ్చు. దాదాపు ఒక రోజు ఎక్కువ పడుతుంది.

ఇక బీఎస్ నంబరు సంగతి. దేశమంతటా బీఎస్-4 తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. హైదరాబాద్ లాంటి కొన్ని పెద్ద నగరాల్లో 2010 నుంచే బీఎస్-4 ఉంది. అందుకే 2010-2017 మధ్య బండి అయితే, అమ్మేవాడి మాట మీద కాకుండా కాగితం చూశాకే నమ్మాలి. చలికాలంలో ఢిల్లీ మీదుగా పోవాలనుకునే కుటుంబానికి అన్నిటికంటే తక్కువ తలనొప్పి 2020 తర్వాతి బీఎస్-6 బండితోనే. ధర ఎక్కువే, కానీ ఆ తేడాకు కారణం ఇదే.

పేరు మారకుండా బయలుదేరొద్దు

బండి కొన్నాక ఫారం 29, 30లతో ఆర్సీ కొన్నవారి పేరుకు మారాలి. ఫైనాన్స్ ఉంటే ఫారం 35తో బ్యాంకు పేరు తీయించాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ కావాలి. ఢిల్లీ బండ్లు మన దగ్గర చవగ్గా దొరకడానికి అక్కడి వయసు నిబంధనే పెద్ద కారణం. దాన్నే కొని మళ్లీ ఢిల్లీ మీదుగా కశ్మీర్ వెళ్లాలనుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇన్సూరెన్స్‌లో ఓ మెలిక ఉంది. బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ కొన్నవారికి దానంతటదే వస్తుంది. సొంత బండికి జరిగే నష్టానికి మాత్రం రాదు. కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి తెలిపి పాలసీ పేరు మార్పించుకోవాలి. పాత యజమాని పేరు మీద పాలసీ ఉండగా రాంబన్ దగ్గర ఓ రాయి బానెట్ మీద పడితే, రిపేరు ఖర్చు మొత్తం జేబులోంచే పోతుంది. పాత ఫాస్టాగ్ తీసేసి కొత్తది వేయించుకోవడం, పెండింగ్ చలాన్లు చూసుకోవడం, పొల్యూషన్ సర్టిఫికెట్ తాజాగా తీసుకోవడం కూడా ఇప్పుడే పూర్తి చేయాలి.

మెకానిక్‌తో ఏం చూపించాలి

మొదట, అది నిజంగా ఫోర్ బై ఫోర్‌నా? ఒకే పేరుతో వచ్చే బండ్లలో చాలావాటికి వెనక చక్రాలకే ఇంజిన్ బలం అందుతుంది. స్టిక్కర్ ఎవరైనా అంటించవచ్చు. మట్టి నేల మీద 4హెచ్, 4ఎల్ రెండూ పడుతున్నాయా, ముందు చక్రాలు తిరుగుతున్నాయా అని నడిపి చూడాలి. ఏళ్ల తరబడి వాడని లివర్ బిగుసుకుపోయి ఉంటుంది. పొడి తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ బై ఫోర్ వేయకూడదు. ఇలాంటి బండ్లలో చాలావాటికి ముందు, వెనక ఇరుసులు కలిసి బిగుసుకుని గేర్లు దెబ్బతింటాయి.

చాసిస్ కింద పగుళ్లు, వెల్డింగ్ మచ్చలు, తుప్పు చూడాలి. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గాడులు బాగానే కనిపించినా టైరు పాతబడితే రబ్బరు గట్టిపడి తడి రోడ్డును పట్టుకోదు.

రేడియేటర్ సంగతి ముఖ్యం. మన దగ్గర చాలా పాత బండ్లలో ఉత్త నీళ్లే పోస్తారు. ఇక్కడ నడిచిపోతుంది. శ్రీనగర్‌లో జనవరి రాత్రుళ్లు ఉష్ణోగ్రత సున్నా కంటే ఎంతో కిందికి దిగుతుంది. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, ఆ ఒత్తిడికి ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. పాత నీళ్లన్నీ తీసేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోస్తే మైనస్ 35 దాకా భయం లేదు. బ్యాటరీ మూడేళ్లు దాటితే మార్చేయడం మేలు. చలికి దాని శక్తి తగ్గుతుంది, డీజిల్ ఇంజిన్‌కేమో అప్పుడే ఎక్కువ శక్తి కావాలి.

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. బాగా చలిలో అది గడ్డకట్టి ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో ప్రత్యేకంగా చలికాలపు డీజిల్ తెచ్చింది ఇందుకే. కాబట్టి పంజాబ్‌లో ట్యాంకు ఫుల్ చేసుకుని కొండ ఎక్కకుండా, తక్కువ డీజిల్‌తో వెళ్లి లోయలోని బంకులో నింపుకోవాలి. కొత్త డీజిల్ ఇంజిన్లలో కిరోసిన్ కలపడం లాంటి పాత చిట్కాల జోలికి పోవద్దు.

రోజుల లెక్క, డబ్బు లెక్క

చలికాలంలో ఉత్తరాదిన పొగమంచు రాత్రి నుంచి ఉదయం తొమ్మిది, పది దాకా ఉంటుంది. కంటిచూపు 50 మీటర్లకు పడిపోయే రోజులూ ఉంటాయి. యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై చలికాలంలో కార్ల వేగ పరిమితిని 100 నుంచి 75 కిలోమీటర్లకు తగ్గిస్తున్నారు. సూర్యాస్తమయం సాయంత్రం ఐదున్నర ప్రాంతంలోనే. అందుకే కుటుంబంతో వెళ్లేవారికి తేలికైన నియమం ఒకటుంది: పొగమంచు విడిచాక బయలుదేరాలి, మగ్రిబ్ కల్లా బండి ఆపేయాలి. జుహర్, అసర్‌కు ఆగినప్పుడు డ్రైవర్‌కు కూడా విశ్రాంతి దొరుకుతుంది.

ఇలా చూస్తే రోజుకు 400 కిలోమీటర్లే సాధ్యం. నాగ్‌పూర్, సాగర్, ఆగ్రా, అంబాలా, జమ్ములో ఒక్కో రాత్రి ఆగితే ఆరో రోజుకు శ్రీనగర్. పోను 6, రాను 6, అక్కడ 4, హైవే మూతపడితే చేతిలో ఉండాల్సినవి 2. మొత్తం 18 రోజులు. పిల్లల సంక్రాంతి సెలవులకు ఇది సరిపోదు. సెలవుల్లో ఇమిడించాలని రాత్రుళ్లు నడపడం వల్లే ప్రమాదం వస్తుంది. మధ్యేమార్గం ఉంది. బండిని ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ముందుగా తీసుకెళ్లి, అమ్మీ, దాదీ, పిల్లలు రైల్లో ఢిల్లీ మీదుగా జమ్ము చేరుకుని అక్కడ కలవొచ్చు.

అటూఇటూ కలిపి, అక్కడి తిరుగుడుతో 5,200 కిలోమీటర్లు అనుకుందాం. బండి లీటరుకు 12 ఇస్తే 433 లీటర్లు. లీటరు 90 రూపాయల చొప్పున డీజిల్‌కే దాదాపు 39,000. టోల్‌కు ఫాస్టాగ్ వార్షిక పాస్ (2025లో 3,000 రూపాయలు) లాభం. ఏడాది లేదా 200 ట్రిప్పుల వరకు జాతీయ రహదారులపై పనిచేస్తుంది. యమునా ఎక్స్‌ప్రెస్‌వేలో పనికిరాదు, అక్కడ విడిగా కట్టాలి. దీనికి 17 రాత్రుల బస, ఆరుగురి తిండి, బండి సర్వీసు, రిపేర్లకు ఒక 20,000 కలపండి. ఆ మొత్తాన్ని విమానం టికెట్లతో పోల్చి చూశాకే నిర్ణయించుకోవాలి. ఒక్క ప్రయాణం కోసమే బండి కొంటే లెక్క గిట్టదు. ఆ తర్వాత కూడా ఇంటి అవసరాలకు వాడుకునే బండి అయితేనే గిడుతుంది.

జమ్ము దాటాక

కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజులను చిల్లై కలాన్ అంటారు. అత్యంత చలి రోజులవి. మంచు చూడాలంటే అదే సమయం, రోడ్డు మూతపడేదీ అప్పుడే. చెనాని-నాశ్రీ మధ్య 9 కిలోమీటర్ల సొరంగం 2017లో, బనిహాల్-కాజీగుండ్ మధ్య 8.5 కిలోమీటర్ల సొరంగం 2021లో వచ్చాయి. ప్రయాణం చాలా తేలికైంది కానీ ఆ రెండిటి మధ్య రాంబన్ ప్రాంతంలో కొండచరియలు ఇప్పటికీ విరిగిపడుతుంటాయి. ట్రాఫిక్ పోలీసులు రోజూ ఇచ్చే ప్రకటన చూసి, అనుమతి ఉంటేనే ఉధంపూర్ దాటాలి. రోడ్డు మూతపడితే బండి జమ్ములో వదిలి, కత్రా నుంచి శ్రీనగర్‌కు 2025 జూన్‌లో మొదలైన వందే భారత్ రైల్లో వెళ్లొచ్చు.

జోజిలా కనుమ, మొఘల్ రోడ్డు చలికాలంలో మూతపడుతుంటాయి. లద్దాఖ్ ఆలోచన ఈ ప్రయాణంలో పెట్టుకోవద్దు. సోనామర్గ్‌కు మాత్రం 2025 జనవరిలో సొరంగం ప్రారంభం కావడంతో చలికాలంలోనూ దారి ఉంది. గుల్మర్గ్‌కు టంగ్‌మర్గ్ నుంచి పైకి పోయే 13 కిలోమీటర్లలో మంచు పడితే చక్రాలకు గొలుసులు ఉండాల్సిందే. అక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ఫోర్ బై ఫోర్ బండిని కదిలిస్తుంది, ఆపదు. గడ్డకట్టిన రోడ్డు మీద బ్రేకు తొక్కితే అది కూడా మామూలు కారులాగే జారుతుంది.

రాత్రి చలికి ఇంజిన్ ఆన్ చేసి బండిలో పడుకోకూడదు. సైలెన్సర్ మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గదిలో కాంగ్డీ, గ్యాస్ హీటర్ పెట్టుకుంటే కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి, పడుకునే ముందు ఆర్పేయాలి. ఇంకో సంగతి, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ము కశ్మీర్‌లో పనిచేయవు. ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లు ముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోవాలి.

బయలుదేరే వారం ముందు చూసుకోవాల్సినవి ఇవి: ఢిల్లీలో గ్రాప్ ఏ దశలో ఉంది, జమ్ము-శ్రీనగర్ రోడ్డు తెరిచి ఉందా, పాలసీ ఎవరి పేరు మీద ఉంది, రేడియేటర్‌లో ఏముంది. వీటిలో ఒక్కదానికి సమాధానం బాగాలేకపోయినా తేదీ మార్చుకోవడమే మంచిది. ఫిబ్రవరిలోనూ గుల్మర్గ్‌లో మంచు ఉంటుంది, మైదానాల్లో పొగమంచు అప్పటికి తగ్గుముఖం పడుతుంది.