బిల్లసర్గం ఎముక ములుకులు

ఎర్రగుంట్ల పేరు వినగానే రాయలసీమవారికి నాపరాయి జ్ఞప్తికి వచ్చును. ఇండ్లలో పరచు నల్లబండలకును, అచటి సిమెంటు కర్మాగారములకును ఆధారము సున్నపురాయియే. ఈ రాతిపొరలు ఎర్రగుంట్లతో ముగియవు. జమ్మలమడుగు, కోవెలకుంట్ల, బనగానపల్లె సీమలను దాటి నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల వరకు వ్యాపించి యున్నవి. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, కొంచెము పులుపెక్కి, ఈ రాతి నెఱ్ఱెలలోనికి దిగును. అట్లు దిగిన నీరు వేలకొలది సంవత్సరములు రాతిని కరగించి గుహలను తొలిచినది. బెలుం గుహలు ఇట్లేర్పడినవే. బేతంచెర్లకు సమీపమున నున్న బిల్లసర్గం గుహలును ఇట్టివే. ఆదిమానవుని ఆయుధములు కొన్ని ఈ బిల్లసర్గమున రెండుమారులు మాయమైనవి. మొదట అవి మట్టిలో మాయమైనవి. మట్టినుండి వెలికి వచ్చిన తరువాత మరల మాయమైనవి.

ప్రాచీనుల ఆయుధములు మనకు దొరకుట యరుదు. దొరికినను అవి సమగ్రముగా దొరకవు. బనగానపల్లె సమీపమున జ్వాలాపురములోని ఒక రాతిచరియ క్రింద వ్రేలిగోరంత రాతిపలుకులు పెక్కులు లభించినవి. వానిలో అతిప్రాచీనమైనవి సుమారు 35,000 సంవత్సరముల నాటివని 2009లో పరిశోధకులు ప్రకటించిరి. ఇట్టి పలుకులను కఱ్ఱకు బంకతో అతికించి బాణములుగను, బల్లెములుగను వాడుదురు. కఱ్ఱ చివికిపోయినది, బంకయు పోయినది, పలుకు మాత్రము మిగిలినది. కత్తి పోయి దాని పంటి నొక్కటి చూచినట్లే కదా!

ఏది మిగులవలెనో, ఏది నశింపవలెనో నిర్ణయించునది నేల. ఐరోపా ఉత్తరభాగమున డెన్మార్కు దేశములో నైడాం అను ఊబినేల కలదు. వైకింగుల కాలమునకు కొన్ని శతాబ్దుల ముందు, క్రీ.శ. 200 మొదలు 450 వరకు, అచటి జనులు యుద్ధములో ఓడినవారి కత్తులను, బల్లెములను, డాళ్ళను విరిచి, వంచి, అచటి చెరువులో దేవతలకు అర్పించిరని పండితుల యభిప్రాయము. ఊబిలో గాలి చొరదు గనుక కఱ్ఱ కుళ్ళలేదు. 1863లో అచట తవ్వగా ఆయుధములే కాక టేకువలె గట్టిదైన ఓకు కఱ్ఱతో చేసిన పెద్ద పడవయు బయటపడెను. దానితోపాటు దొరికిన దేవదారుజాతి కఱ్ఱ పడవ మాత్రము మరుసటి సంవత్సరము జరిగిన యుద్ధములో నాశనమైనది. పదునాలుగు వందల యేండ్లు ఊబి కాపాడిన దానిని మనుష్యులు ఒక్క యేడు కాపాడలేకపోయిరి.

సున్నపురాతి గుహలు ఎముకను కాపాడును. సామాన్యముగా నేలలోని ఆమ్లములు ఎముకలోని సున్నమును కరగించివేయును. గుహలోని మట్టిలో సున్నము సమృద్ధిగా నుండుటచే ఆమ్లము దానితోనే విరిగిపోవును, ఎముక నిలుచును. బిల్లసర్గం గుహలలో జంతువుల యెముకలున్నవని న్యూబోల్డు అను సైనికోద్యోగి 1844లోనే వ్రాసెను. తరువాత నలువది యేండ్లు ఎవరును వాని జోలికి పోలేదు. ఇంగ్లండులోని సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ, మద్రాసు గవర్నరగు గ్రాంట్ డఫ్‌నకు ఆ గుహలను పరీక్షింపజేయుమని వ్రాసెను. భూగర్భశాఖలో నున్న రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు ఆ పని అప్పగింపబడెను. 1863లో మద్రాసు దగ్గరి పల్లావరమున రాతిగొడ్డలిని గుర్తించి, భారతదేశములో పాతరాతియుగపు మానవుడుండెనని ఋజువు చేసినవాడు ఈయనయే. 1884లో ఆయన పని ప్రారంభింపగా, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ 1885లో దానిని కొనసాగించెను.

అచట ఖడ్గమృగము మొదలగు జంతువుల యెముకలు దొరకెను. ఖడ్గమృగములు నేడు ఈ సీమలో లేవు. వానితోపాటు మనుష్యుడు చెక్కినట్లు తోచిన ఎముకలును లభించెను. బాణపు ములుకులు, వానిలో కొన్నిటికి వెనుకకు వంగిన ముండ్లు, చిన్న కటారులు, ఉలులు, తోలు పొడుచు ఆరెలు, గొడ్డలి తలలు—ఇట్లు ఫుట్ వానిని వర్గీకరించెను. ఫ్రాన్సు దేశపు గుహలలో దొరికిన ఎముక పనిముట్లను ఇవి పోలియున్నవని ఆయన యభిప్రాయపడెను.

కాలక్రమమున ఆ ముక్కలు కనబడకపోయెను. ఫుట్ సేకరించిన రాతిపనిముట్లు వేలకొలదిగా మద్రాసు మ్యూజియమునకు చేరి నిలిచినవి; ఈ ఎముకలు మాత్రము తరువాతి పరిశోధకులకు చిక్కలేదు. వ్రాత మిగిలినది, వస్తువు పోయినది. వస్తువు లేనిచోట సందేహమునకు అడ్డులేదు. అవి నిజముగా ఆయుధములేనా? దుమ్ములగొండి యెముకలను కొరికి పగులగొట్టును. దాని పేరులోని దుమ్ము అనగా ఎముకయే. ఏదుపంది తన పండ్లను అరగదీసికొనుటకై ఎముకలను గుహలోనికి ఈడ్చుకొనిపోయి గీరును. ఏదుపంది గీట్లు వెడల్పుగా, జంటలు జంటలుగా ప్రక్కప్రక్కన నుండును. రాతి అంచుతో కోసిన గాటు సన్నగా, లోతుగా, అడుగున కోసుగా నుండును. ఈ భేదమును చూచుటకు ఎముక చేతిలో నుండవలెను. బొమ్మను చూచి, వర్ణనను చదివి తీర్పు చెప్పుట సాధ్యము కాదు. అందుచే ఎనుబది యేండ్లకు పైగా ఫుట్ మాటను పూర్తిగా నమ్మినవారును లేరు. పూర్తిగా త్రోసివేసినవారును లేరు.

ఈ చిక్కు మరియొక గుహలో వీడెను. బేతంచెర్ల ప్రాంతముననే ముచ్చట్ల చింతమాను గవి యను గుహ కలదు. ఆ సీమలో గవి యనగా గుహ. 1970వ దశకపు ఆరంభమున ఎం. ఎల్. కె. మూర్తియు, కె. తిమ్మారెడ్డియు అచట తవ్వకములు జరిపిరి. పొరపొరకు కొలతలు వ్రాసికొనుచు, దొరికిన ప్రతి ముక్క యెచట దొరకెనో గుర్తించిరి. లభించిన పనిముట్లలో చాల భాగము ఎముకవే, రాతివి కొద్ది. మొనలు, ముండ్లు, గోకుడు పనిముట్లు, ఉలులు అందులో నుండెను. పనిముట్లకై విరిచి, చెక్కకుండ వదలిన ముక్కలు కూడ దొరకెను. ఈ వదలిన ముక్కలే గట్టి సాక్ష్యము. దుమ్ములగొండి ఎముకను సగము చెక్కి దాచుకొనదు కదా! ఆ గుహలోనే నిప్పు రగిల్చిన పొయ్యి యొకటి కనబడెను. కాలిన మట్టిని మరల వేడిచేసినపుడు అది వెలువరించు వెలుగును కొలిచి, అది యెన్నడు కాలినదో లెక్కింపవచ్చును. ఆ లెక్కను 1983లో ప్రకటించిరి: సుమారు 17,000 సంవత్సరములు.

ఈ ప్రాంతపు మనుష్యులు ఎముకతో ములుకులు చేసిరని ఇట్లు తేలినది. దీనిచే ఫుట్ చూచిన ప్రతి ముక్కయు ఆయుధమేయని ఋజువు కాలేదు. ఆయన మాట నమ్మదగినదని మాత్రము తేలినది. తరువాత శాస్త్రజ్ఞులు బిల్లసర్గమునకే తిరిగి వచ్చి, ఫుట్ తవ్వక మిగిల్చిన మట్టిపొరలను పరీక్షించిరి. గడచిన రెండు లక్షల సంవత్సరములలో ఇచట నివసించిన ఇరువదియొక్క జాతుల క్షీరదములలో ఒక్కటి మాత్రమే భూమిపై లేకుండ పోయినదని 2014లో వారు ప్రకటించిరి. చింతమాను గవిలో ములుకులు చెక్కినవారు వేటాడిన లేళ్ళు, దుప్పులు నేటికిని నల్లమల యడవులలో మేయుచున్నవి.