ఉప్పు తిన్న గొట్టాలు

ఎత్తైన బండికి మలుపంటే గండం. రాళ్లూ గుంతలూ దాటాలంటే బండి పొట్ట నేలకు దూరంగా ఉండాలి. అంత ఎత్తున మోసే బరువు మలుపులో పక్కకు వాలుతుంది. ఈ వాలును ఆపడానికి ఎడమ, కుడి చక్రాలను ఒక స్ప్రింగు ఉక్కు కడ్డీతో కలుపుతారు. దాన్ని యాంటీ రోల్ బార్ అంటారు. ఒక పక్క కుంగితే కడ్డీ మెలిపడి ఎదురు తిరుగుతుంది. తారురోడ్డు మీద ఇది బిగువుగా ఉంటే మేలు. రాళ్లలోకి దిగాక మాత్రం ఆ బిగువే చేటు. ఒక చక్రం గుంతలోకి దిగబోతే కడ్డీ దిగనివ్వదు, చక్రం గాల్లో ఊరికే తిరుగుతుంది.

ఈ తగవు తీర్చడానికి ఇంగ్లండులోని సోలిహల్ కార్ఖానావాళ్లు 1998లో రెండో తరం ల్యాండ్ రోవర్ డిస్కవరీకి ఏసీఈ అనే ఏర్పాటు పెట్టారు. పూర్తి పేరు యాక్టివ్ కార్నరింగ్ ఎన్‌హాన్స్‌మెంట్. ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో వాల్వ్ బ్లాకుకు పంపుతుంది. బండి పైభాగంలో ఒకటి, కింద ఒకటి ఉన్న సెన్సర్లు ఎటు వాలుతోందో కంప్యూటర్‌కు చెబుతాయి. ముందూ వెనకా యాంటీ రోల్ బార్లకు తగిలించిన హైడ్రాలిక్ సిలిండర్లు ఆ కడ్డీలను వాలుకు ఎదురుగా మెలితిప్పుతాయి. రాళ్లలో నెమ్మదిగా పోతున్నప్పుడు పట్టు సడలించి చక్రాలను వాటి దారిన వదిలేస్తాయి. ద్రవంలో ఒత్తిడిని పనిలో పెట్టడం కొత్తేమీ కాదు. జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు 1795లోనే పేటెంటు తీసుకున్నాడు. 1955లో సిట్రోయెన్ డీఎస్ కారు ఏకంగా స్ప్రింగుల బదులు ఆయిల్, గ్యాసుల మీదే నిలబడింది.

ఏసీఈలో తెలివంతా వాల్వుల్లో, కంప్యూటర్‌లో ఉంది. కొంప ముంచింది మాత్రం ఏ తెలివీ అక్కర్లేని ఉక్కు గొట్టాలు. పంపు నుంచి వాల్వ్ బ్లాకుకు ఒకటి, తిరిగి ట్యాంకుకు ఒకటి, ఒక్కో సిలిండర్‌కు రెండేసి. ట్యాంకుకు తిరిగొచ్చే గొట్టంలో తప్ప మిగతావాటిలో ఒత్తిడి 100 బార్లు (బార్ అంటే ఇక్కడ ఒత్తిడి కొలత) దాటగలదు. కారు టైరులో ఉండేది సుమారు రెండున్నర బార్లే.

బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా రాతి ఉప్పు చల్లుతారు. అందులో చాలా భాగం చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిది. ఆ ఉప్పు నీళ్లు బండి అడుగంతా చిమ్ముతాయి. ఉప్పు కలిసిన నీళ్లలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది, తుప్పు పట్టడానికి కావలసింది అదే. గొట్టం లోపల ఆయిల్ ఉంటుంది కాబట్టి ఆ వైపు భయం లేదు. పైన రంగు ఊడిన చోట, అంతకన్నా ముఖ్యంగా గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు కింద తుప్పు మొదలవుతుంది. అక్కడ చేరిన బురద ఆరదు. కడిగినా ఉప్పు వదలదు. ప్రాణవాయువు అందని ఆ సందులో లోహం త్వరగా కరిగి గుంటలు పడుతుంది. పైకి గొట్టం బాగానే కనిపిస్తుంది. క్లిప్పు విప్పితే గానీ సంగతి తెలియదు.

ఇక గొట్టాలు మార్చడం. డిస్కవరీ నిచ్చెన లాంటి ఛాసిస్ మీద బాడీ కూర్చున్న బండి. గొట్టాలు ఈ రెండింటి మధ్య ఇరుకులోంచి పోతాయి. బాడీ దించకముందు వాటిని బిగించడం కార్ఖానాలో నిమిషాల పని. ఇరవయ్యేళ్ల తర్వాత కింద పడుకుని చూసే మెకానిక్కుకు వాటి దగ్గరికి చెయ్యి కూడా పోదు. నా లెక్కలో ఇది డిజైనర్ తప్పే. గీసినవాడు బిగించేవాణ్ణి తలచుకున్నాడు, విప్పేవాణ్ణి మరచిపోయాడు. అందుకే చాలామంది పాత గొట్టాలను ముక్కలుగా కోసి లాగేస్తారు, లేదా బాడీ బోల్టులు వదులు చేసి కొంచెం పైకి లేపుతారు. అంతకన్నా ముందు ఛాసిస్ వెనక భాగాన్ని సుత్తితో తట్టి చూడాలి. ఈ మోడల్‌కు అక్కడ కూడా తుప్పు పేరుమోసిన జబ్బు. ఛాసిసే పోయాక కొత్త గొట్టాలు వేసి లాభం లేదు.

కొత్తవి దేనితో చెయ్యాలి? బ్రేకు పైపులకు వాడే రాగి, నికెల్ మిశ్రమం తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది. కానీ ఇవి బ్రేకు పైపుల కన్నా లావు. గోడ మందం మారకుండా గొట్టం వ్యాసం రెట్టింపైతే గోడ మీద పడే లాగుడూ రెట్టింపవుతుంది. లావు పైపుకు మందం లెక్క చూడకుండా మెత్తని లోహం వెయ్యడం ప్రమాదం. స్టెయిన్‌లెస్ స్టీలు మేలు, వంచడం కష్టమైనా. ఛాసిస్‌కు నేరుగా తగలకుండా క్లిప్పుల్లో రబ్బరు ఉండాలి. లేకపోతే రెండు లోహాల మధ్య మళ్లీ ఆ విద్యుత్తు ఆటే. పాత గొట్టం విప్పగానే వాల్వ్ బ్లాకు రంధ్రాలకు మూతలు పెట్టాలి. తుప్పు పొడి రవ్వంత లోపలికి పోయినా వాల్వు ఇరుక్కుంటుంది. చివర్లో గాలి తీసెయ్యాలి. గాలి నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకుపోదు. ఈ బండిలో ఆ పనికి డయాగ్నస్టిక్ కంప్యూటర్ కావాలి.

ఇంత తంటా పడలేక చాలామంది ఏసీఈనే ఊడబీకి మామూలు యాంటీ రోల్ బార్లు వేసుకున్నారు. బండి మలుపులో కాస్త వాలుతుంది గానీ నడుస్తుంది. రోజూ వాడే బండికి అదే సబబు. అసలు రూపంలో దాచుకోదలచినవారికే గొట్టాల ఖర్చు.

ఇలాంటి హైడ్రాలిక్ పైపులే ఉండే జేసీబీ, ట్రాక్టర్ నడిపేవారికి ఒక మాట. హైడ్రాలిక్ పైపు ఎక్కడ లీకవుతోందో ఇంజన్ నడుస్తుండగా చేత్తో తడమకండి. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనిపించినా వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే వేళ్లు తీసెయ్యాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.