డ్రోన్ చిత్రాలతో పైరు ఎత్తు: ప్రజనన క్షేత్రంలో కొలతలు, ఎంపికలు

ప్రజనన క్షేత్రంలో మొక్కల ఎత్తు కొలవడం చూడటానికి చిన్న పని. ఒక్కో మడిలో ఐదు మొక్కలను ఎంచుకొని, స్కేలు నిలబెట్టి, వచ్చిన అంకెను పుస్తకంలో రాసుకుంటారు. అయితే వెయ్యి మడులుంటే కొలతలు ఐదు వేలు. పని రోజుల తరబడి సాగుతుంది; చివరి మడిని చేరేసరికి మొదటి మడిలోని పైరు మరింత పెరిగి ఉంటుంది. అందువల్ల సాధారణంగా పూత తరువాత ఒక్కసారి కొలిచి సరిపెట్టుకుంటారు. పైరు ఆ ఎత్తుకు ఏ వేగంతో చేరిందో ఆ ఒక్క అంకె చెప్పదు.

డ్రోన్ ఈ లోటును తీర్చగలదు. ఒక అంగుళం సెన్సారు గల 20 మెగాపిక్సెళ్ళ కెమెరాతో 30 మీటర్ల ఎత్తున ఎగిరితే, చిత్రంలోని ఒక్కో బిందువు నేలపై సుమారు 0.8 సెంటీమీటరుకు సమానం. పక్కపక్క చిత్రాలు 75-80 శాతం మేర ఒకదానిపై ఒకటి పడేలా తీస్తారు. ఒకే ఆకు పలు కోణాల నుండి కనబడుతుంది గనుక, రెండు కళ్ళు దూరాన్ని అంచనా వేసినట్లే సాఫ్ట్‌వేర్ దాని ఎత్తును గణిస్తుంది. ఇలా వచ్చిన పైరు ఉపరితలం నుండి ఖాళీ నేల మట్టాన్ని తీసివేస్తే పైరు ఎత్తు వస్తుంది. ఈ ఖాళీ నేల చిత్రాలను విత్తిన వెంటనే, మొలక రాకముందే తీయాలి. అప్పుడు పొలంలో చూడటానికి ఏమీ ఉండదు కాబట్టి చాలామంది ఈ పని మరచిపోతారు. ఆ తరువాత ఎన్నిసార్లు ఎగిరినా ఆ లోటు పూర్తిగా తీరదు.

అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మొక్కజొన్న, జొన్న ప్రజనన క్షేత్రాలపై పంటకాలంలో పలుమార్లు డ్రోన్ ఎగురవేసి, ఎత్తుల నుండి పెరుగుదల రేఖలను రూపొందించారు. తుది ఎత్తు ఒకటే అయిన రెండు వరుసలలో ఒకటి తొందరగా, మరొకటి నిదానంగా ఎదిగి ఉండవచ్చు. బెట్ట ఎప్పుడు తగిలింది, పైరు ఎప్పుడు తేరుకుంది అనే ప్రశ్నలకు సమాధానం వెతకవలసింది ఆ రేఖలోనే.

డ్రోన్ ఎత్తు సాధారణంగా స్కేలు ఎత్తుకన్నా తక్కువగా వస్తుంది. సన్నని కొసలు చిత్రంలో సరిగా పట్టుబడకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. అన్ని మడులలోనూ ఇంతే తగ్గితే చింత లేదు. ప్రజననకారునికి కావలసింది వరుసల మధ్య తేడా. అన్నిటా ఒకేలా తగ్గకపోతేనే చిక్కు. జొన్నలో ముద్ద కంకి స్పష్టంగా కనిపిస్తుంది, వదులు కంకి కొస చెదిరిపోతుంది. అప్పుడు వదులు కంకి వరుసలన్నీ ఉన్నదానికన్నా పొట్టిగా నమోదవుతాయి. విత్తనం చాలక ఒక్కో వరుసను ఒక్క మడిలోనే వేసే తొలి తరాలలో ఈ పొరపాటు మరింత ప్రమాదకరం.  ఆ దశలో తీసివేసిన వరుస మళ్ళీ పరీక్షకు రాదు.

పచ్చదనం సూచిక ఎన్.డి.వి.ఐ.కి వేరే పరిమితి ఉంది. ఆకు విస్తీర్ణ సూచిక సుమారు 3 దాటిన తరువాత ఇది దాదాపు నిలకడగా ఉండిపోతుంది. గుబురుగా ఎదిగిన మడుల మధ్య తేడా చూపదు. ఆ దశలో ఎత్తే నయం.

వరిలో ఎత్తు కొలతకు మరో ఉపయోగం ఉంది. బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) పడిపోయే స్వభావం గల రకమని రైతులకు తెలుసు. కోస్తా జిల్లాలలో తుఫానులు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లోనే సార్వా వరి కంకి బరువెక్కుతుంది. గాలివానకు ముందొకసారి, తెరపి ఇచ్చిన వెంటనే మరొకసారి ఎగిరితే, ఏ మడి ఎంత వంగిందో ఎత్తు తేడాయే తెలుపుతుంది. కంటి అంచనాతో వేసే మార్కులు మనిషికొక తీరుగా ఉంటాయి; ఈ కొలతకు ఆ దోషం లేదు. అయితే నిలిచిన నీటి మెరుపు నేల మట్టాన్ని తప్పుగా చూపుతుంది. కాబట్టి నాట్లకు ముందు, నీరు తీసిన రోజున నేల చిత్రాలు తీసి ఉంచుకోవాలి.

స్కేలును మాత్రం గదిలో పెట్టేయరాదు. ప్రతి ఎగురవేతనాడు కొన్ని మడులను చేతితో కొలిచి సరిచూడాలి. ఆ మడులను గట్టుకు దగ్గరగా ఉన్నాయని కాక, కంకి తీరు, ఆకు వాలు వేరువేరుగా ఉన్న వరుసల నుండి ఎంచుకోవాలి.